తోడల్లుడి సంతోషం కోరుతూ

ఆ ఏడు తొలకరి పడగానే మా అమ్మాయి అమూల్య బట్టలు సర్దుకుని మా తోడల్లుడి ఇంటికి వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయింది అని నేనంటాను. మా ఆవిడ లలితకుమారి ఆ మాట ఒప్పుకోదు. "కాలేజీ ఎక్కడో మేడ్చల్ అవతల. మన యాప్రాల్ నుంచి బస్సులు మారి మారి పిల్ల సగమైపోతోంది. శామీర్‌పేటలో అయితే వాళ్ళ వీధి మొదట్లోనే కాలేజీ బస్సు ఆగుతుంది. పిన్ని ఇంట్లో ఉంటే మీకేం పోయిందండీ?" అంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మొదటి ఏడాదంతా అవే బస్సులు మారిన పిల్లకి రెండో ఏడు మొదలవగానే అవి ఎందుకు బరువయ్యాయో నేను అడగలేదు, అది చెప్పలేదు. అసలు అది నాకు ఏదైనా చెప్పడం మానేసి చాలా కాలమైంది. అడిగితే "ఊఁ", "ఆఁ", "బాగానే ఉంది నాన్నా". అంతే.

మా తోడల్లుడి పేరు బుల్లిబాబు. మా ఆవిడ చెల్లెలు అమ్మాజీ మొగుడు. విత్తనాల కంపెనీలో సేల్స్ ఉద్యోగం. డిగ్రీ తప్పి తప్పి గట్టెక్కాడు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, యూనివర్సిటీలో పేరున్నవాణ్ణి, జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చూస్తాను. ఈ సంగతులు ఇప్పుడెందుకంటే, బుల్లిబాబు తలపుకొచ్చినప్పుడల్లా నాకు ముందు ఇవే గుర్తొస్తాయి. వాడి ఇల్లు, వాడి కారు, ఈ వయసులో కూడా రాలని వాడి జుట్టు, వీటన్నిటి మీదా నేను కళ్ళలో నిప్పులు పోసుకున్న మాట నిజమే. అయితే అవన్నీ చిల్లర మంటలు. వాళ్ళకి పిల్లల్లేరు. నాకు కూతురుంది. ఇన్నేళ్ళూ వాడి ముందు నేను కాలు మీద కాలేసుకుని కూర్చున్నది ఆ ఒక్క ధీమాతోనే. ఇప్పుడు ఆ పిల్లే వాడి గుమ్మం ఎక్కింది.

వెళ్ళిన కొత్తలో నేనొకసారి శామీర్‌పేట వెళ్ళాను. అమూల్య రెయిన్‌కోటు మరిచిపోయింది, ఇచ్చొద్దామని. మరిచిపోలేదు, పాతదైపోయిందని వదిలేసిందని నాకూ తెలుసు. ఏదో ఒక వంక కావాలి కదా. సాయంత్రం, అప్పుడే వాన వెలిసింది. వాళ్ళ లేఅవుట్లో సగం ప్లాట్లు ఇంకా ఖాళీవే, చినుకు పడితే చాలు కప్పల గోల. గేటు దగ్గర బండి ఆపి హెల్మెట్ తీశానో లేదో లోపల్నించి నవ్వు వినిపించింది.

అమూల్య నవ్వు. ఊపిరాడక, మధ్యలో "ఆగు బాబాయ్, ఆగు ఆగు" అంటూ, మళ్ళీ మొదలెట్టి నవ్వుతోంది. అలాంటి నవ్వు మా ఇంట్లో ఎప్పుడు విన్నానా అని ఆలోచిస్తే, అది మూడు చక్రాల సైకిలు తొక్కిన రోజుల దగ్గరికి పోయి ఆగాను. బుల్లిబాబు ఎవరో విత్తనాల డీలరు నడకా మాటా చేసి చూపిస్తున్నాడు. నిజం చెప్పాలంటే అంత గొప్పగా కూడా చెయ్యడం లేదు.

నేను గేటు తియ్యలేదు. రెయిన్‌కోటు గేటు ఊచకి తగిలించి బండి తిప్పేశాను. "వచ్చి లోపలికి రాలేదేం నాన్నా" అని ఫోను వస్తుందని చూశాను. రాలేదు. అమ్మాజీ మాత్రం వాళ్ళక్కకి ఫోన్ చేసి, "బావగారేంటే, కొరియర్ కుర్రాడిలా గేటుకి తగిలించి వెళ్ళారు!" అని పకపకలాడిందట.

ఆ రోజు నుంచి నాకు నిద్ర చెడింది. పగలు కూడా పళ్ళు నూరుతున్నానని మా ల్యాబులో విక్టర్ చెప్పేదాకా నాకే తెలియదు.

"ఏంది సార్, గట్ల పండ్లు నూరుతున్నరు? మిషన్ల ఏమన్న ఇరికిందా అని నేను పరేషాన్ అయిన" అన్నాడు.

"నిద్ర లేదయ్యా" అన్నాను.

"మా చర్చికి రమ్మంటే మీరు రారాయె. లాల్‌గడి మలక్‌పేట్ల మా బామ్మర్ది ఇంటి పక్కన సత్తయ్య అని ఉన్నడు. ఆయన పొలంల బుద్ధుని మందిరం కట్టుకున్నరు. గీ వానకాలం అంతా ఒక భంతే, గదే బౌద్ధ సన్యాసి, వచ్చి ఉంటున్నడంట. మనసు గురించి మస్తు చెప్తడంట. గాడికన్న పోయి రండ్రి. గా పండ్లన్న మిగుల్తయ్."

అలా వెళ్ళాను. రోడ్డు దిగి, మక్కచేల మధ్య బురద దారిలో లోపలికి పోతే ఒక రేకుల షెడ్డు. నీలం రంగు గోడలు, లోపల తెల్లని బుద్ధుడి బొమ్మ, కింద చాపలు. సత్తయ్య సన్నగా, పొడుగ్గా ఉంటాడు. వాళ్ళావిడ బాలమణి గొంతు చేను అవతలికి వినిపిస్తుంది. మిగతా ఏడాదంతా ఊళ్ళు తిరిగే బౌద్ధ భిక్షువులు వానాకాలంలో మాత్రం ఒకచోట కుదురుగా ఉండాలట. ఆషాఢ పున్నమి నుంచి ఆశ్వయుజ పున్నమి దాకా. దాన్ని వర్షావాసం అంటారని సత్తయ్యే చెప్పాడు. ఆదివారం ఆదివారం చుట్టుపక్కల జనం వచ్చి, కాసేపు ధ్యానం చేసి, భంతేకి భోజనం పెట్టి, తామూ తిని పోతారు.

భంతే పేరు సుమన. శ్రీకాకుళం వైపు మనిషి. నా కంటే చిన్నవాడే ఉంటాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి జలుబు, ముక్కు ఎగబీలుస్తూనే మాట్లాడేవారు. అందరూ వెళ్ళాక నేను అడిగేశాను.

"భంతే, అసూయకి మందుందా?"

"ఎవరి మీద?"

"తోడల్లుడి మీద."

ఆయన ముక్కు తుడుచుకున్నారు. "తోడల్లుడా, అయితే మొండిదే" అన్నారు. నవ్వుతున్నారేమోనని చూశాను. లేదు. "చెడ్డ ఆలోచన రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. చేనుకి కోతులు రాకుండా ఉంటాయా? వచ్చినట్టు మీకు తెలియాలి, అదే కాపలా అంటే. తెలియకపోతే అవి చేనులో కాపురం పెడతాయి. అందుకని అది వచ్చినప్పుడల్లా పేరు పెట్టి చెప్పుకోండి, అసూయ వచ్చింది అని. తిట్టకండి, బుజ్జగించకండి. సగం కోతులు అక్కడే వెనక్కి తిరుగుతాయి."

"మిగతా సగం?"

"వాటికి ముదిత. అంటే ఎదుటివాడి సంతోషం చూసి మనం సంతోషించడం. కళ్ళు మూసుకుని ముందు మీకిష్టమైన మనిషిని తలుచుకోండి. ఈ మనిషికున్న సంతోషం ఈ మనిషిని వదిలిపోకూడదు అని కోరండి. తరవాత ముక్కూ మొహం తెలియనివాళ్ళని. అవి కుదిరాక, చివర్న గిట్టనివాణ్ణి."

ఇష్టమైన మనిషంటే అమూల్య. ముక్కూ మొహం తెలియనివాళ్ళంటే మా పాల ప్యాకెట్ల మనిషి. వీళ్ళిద్దరినీ నేను చిటికెలో దాటేసి నేరుగా బుల్లిబాబు దగ్గరికి వచ్చేసేవాణ్ణి. పని అంతా అక్కడే కదా ఉంది. "బుల్లిబాబు సంతోషం బుల్లిబాబుని వదిలిపోకుండుగాక" అనాలి. సగం దాకా బాగానే వచ్చేది. "బుల్లిబాబు సంతోషంగా ఉండుగాక, వాడి సొంత సరుకుతో" అని ముగిసేది. మళ్ళీ మొదలుపెడితే, "సంతోషంగా ఉండుగాక, కాస్త దూరంగా" అనేది మనసు. జీడిమెట్ల సిగ్నల్ దగ్గర వాడి కారు రంగు కారు కనపడితే చాలు, హెల్మెట్ లోపల "అసూయ వచ్చింది, అసూయ వచ్చింది" అని జపం చేసేవాణ్ణి. పక్క బండివాడు నేను ఫోన్లో మాట్లాడుతున్నాననుకునేవాడు.

అయినా కొంచెం గుణం కనిపించింది. పళ్ళు నూరడం తగ్గిందని విక్టర్ చెప్పాడు. నాకూ లోపల ఒక గర్వం మొదలైంది. అసూయంటే ఏమిటో తెలియని మనిషి బుల్లిబాబు. ఇక దాన్ని జయించే యోగం వాడికెక్కడిది? ఈ ఒక్క దాంట్లో వాడు నా వెనకే ఉంటాడు.

శ్రావణంలో ఒక ఆదివారం వెళ్ళేసరికి సత్తయ్య పొలం గట్టున వాడి కారు ఆగి ఉంది.

"అన్నయ్యగారూ!" అంటూ బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని ఎదురొచ్చాడు. "వదిన చెప్పారండీ. ఇంత మంచి చోటు మీరొక్కరే దాచేసుకుంటారా? ఆయ్, మేం మనుషులం కామా?"

వెనక అమూల్య. మంచినీళ్ళ సీసా పట్టుకుని, నన్ను చూసి "హాయ్ నాన్నా" అంది. చిక్కిపోయిందేమోనని చూశాను. చిక్కలేదు. ఒళ్ళు చేసింది కూడా. అదీ నచ్చలేదు నాకు.

ఆ రోజు ధ్యానంలో బుల్లిబాబు బాసింపట్టు వేసుకుని కూర్చున్నవాడు గంట కొట్టేదాకా కనురెప్ప కదపలేదు. నేను మధ్యమధ్య ఓ కన్ను తెరిచి చూశాను కాబట్టి నాకు తెలుసు. రేకుల మీద వాన దబదబా కురుస్తుంటే అందరూ ఉలిక్కిపడ్డారు, వాడు పడలేదు. లేచాక భంతే వాడి వైపు చూసి "బాగా కూర్చున్నారు" అన్నారు. అన్నాళ్ళుగా వస్తున్నాను, నేను ఎలా కూర్చున్నానో ఆయన ఒక్కనాడూ చెప్పలేదు.

నెల తిరక్కుండా ఆ పొలమంతా వాడిదైపోయింది. సత్తయ్యకి ఏ బీర విత్తనం పెట్టాలో చెప్పాడు. బాలమణి మోకాళ్ళకి నూనె తెచ్చిచ్చాడు. ఒక ఆదివారం వాడు రావడం ఆలస్యమైతే ఆవిడ చాపలు పరుస్తూ దారికేసే చూస్తోంది. "బుల్లన్న రాలే? గాయన లేకుంటే సప్పగుంటది సారూ" అంది నాతో. వాడు బుల్లన్న, నేను సారు. నేను ముందు నుంచీ వస్తున్న సారుని.

అసూయ వచ్చింది అని చెప్పుకున్నాను. అది వినిపించుకోలేదు.

భాద్రపదంలో ఒక ఆదివారం భోజనం వంతు మా రెండిళ్ళకీ కలిపి పడింది. మధ్యాహ్నం పన్నెండు దాటితే భంతే ఏమీ తినరు, అడిగి పెట్టించుకోరు, ఇది బాగుంది అది బాగాలేదు అనరు. చేతికిచ్చింది తినడమే. ఆ సంగతి తెలిసి కూడా నేను లలిత వెంటపడి గుత్తివంకాయ, పులిహోర, సేమ్యా పాయసం చేయించాను. బుల్లిబాబు ఒక చిన్న క్యారియర్ పట్టుకొచ్చాడు. అన్నం, పప్పు, సత్తయ్య చేలో కాసిన బీరకాయలతో పాలు పోసిన కూర. అంతే. నాకు భలే సంతోషమేసింది.

భంతే అన్నీ తిన్నారు. కానీ బీరకాయ కూర గిన్నె ఖాళీ అయింది. వంకాయలు నాలుగు మిగిలాయి. ఆ మిగిలినవాటినే చూస్తూ కూర్చున్నాను. తరవాత అందరం వరసగా కూర్చుంటే అమ్మాజీ అడుగున మిగిలిన కూర తెచ్చి నా కంచంలో వేసింది. నోట్లో పెట్టుకున్నాను. మా అత్తగారు చేసినట్టే ఉంది. ముద్ద లోపలికి దిగుతుంటేనే కడుపు మండింది.

"ఎవరు చేశారిది? సముద్రం ఒడ్డున కూర్చుని వండారా? అంతా ఉప్పే" అన్నాను.

ఉప్పు సరిపోయింది. నాకు తెలుసు. పొద్దస్తమానం కొలతలతో బతికేవాణ్ణి, నా నాలుక అబద్ధం చెప్పదు. అది నేను చెప్పిన అబద్ధం.

బుల్లిబాబు గబుక్కున అందుకున్నాడు. "నేనేనండి అన్నయ్యగారూ. చెయ్యి జారింది."

"ఉప్పేం ఎక్కువలే సారూ. మంచిగనే ఉన్నది గద" అంది బాలమణి. అమూల్య కంచం పట్టుకుని లేచి బోరింగు దగ్గరికి వెళ్ళిపోయింది. తినడం అయిపోయిందనుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద హకీంపేట దాటాం. లలిత నా చెవి దగ్గరగా వంగి అంది.

"అది మీ కూతురు చేసింది. నాకు నాలుగుసార్లు ఫోన్ చేసి, పాలు ఎప్పుడు పొయ్యాలి, విరక్కుండా ఏం చెయ్యాలి అని అడిగి అడిగి చేసింది. నాన్నకి అమ్మమ్మ చేసే కూర ఇష్టం కదా అని."

"నాకు చెప్పలేదేం మరి?"

"చెబితే మాత్రం బాగుందనేవారా? ఎవరి క్యారియర్లో వచ్చిందో చూసి కదా మీరు రుచి చెప్పేది."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నా కాళ్ళు కడగడానికి కూడా ఎవరూ నీళ్ళివ్వలేదు. నేను ఫోన్ చేస్తే అమూల్య ఎత్తి, "బాగానే ఉంది నాన్నా, క్లాసుంది నాన్నా" అని పెట్టేసేది. ఆదివారాలు పొలానికి రావడం మానేసింది. దసరా సెలవలకి రానని వాళ్ళమ్మకి చెప్పింది. అక్కడితో ఆగలేదు. తన గదిలో చదువుకునే బల్ల ఉంది చూశారూ, అది శామీర్‌పేట పంపించమంది. చదువు పూర్తయ్యేదాకా పిన్ని ఇంట్లోనే ఉంటుందట. అమ్మాజీ మేడ మీద గదికి రంగు వేయిస్తోందట.

"మీరు ఊఁ అంటే పున్నమి వెళ్ళాక ఆటో మాట్లాడతాను" అంది లలిత. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అనకపోయినా అది రాదు. మీకు తెలుసు."

పొరుగింటి పుల్లకూర రుచి అని మా అమ్మ అనేది. అది నాలుకకి సంబంధించిన సామెత అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ బల్ల మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. బుల్లిబాబు దాన్ని ఏ కిటికీ పక్కన వేయిస్తాడా అని ఆలోచిస్తున్నాను. ఆ గదిలో వెలుతురు ఎక్కువని గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

మర్నాడు కంపెనీకి సెలవు పెట్టి భంతే దగ్గరికి వెళ్ళాను. ఆయన షెడ్డు ముందు తడి ఆకులు ఊడుస్తున్నారు.

"ఈ విద్య నాకు అబ్బలేదు భంతే. కాపలా కాసి కాసి కళ్ళు పోయాయి. ముందుకంటే ఎక్కువైంది" అన్నాను.

ఆయన చీపురు పక్కన పెట్టారు. "కళ్ళు మూసుకుంటే ఎవరు కనిపిస్తున్నారు?"

"బుల్లిబాబు."

"ఇంకా?"

"వాడి ఇల్లు. గేటు. మేడ మీద గది."

"మీ అమ్మాయి?"

కళ్ళు మూసుకుని చూశాను. అమూల్య కనిపించింది, కానీ వాళ్ళ సోఫాలో కూర్చుని, వాళ్ళ కప్పులో టీ తాగుతూ, వాడి వైపు తిరిగి ఉంది. నా వైపు తిరిగిన మొహం ఎంత ప్రయత్నించినా రాలేదు. ఆ సంగతే చెప్పాను.

"అయితే ఇన్నాళ్ళూ మీరు కాపలా కాసింది వాళ్ళ ఇంటికి" అన్నారు ఆయన. పెద్ద మాట చెప్పినట్టేమీ అనలేదు. ముక్కు ఎగబీల్చి, మళ్ళీ చీపురు అందుకుని, "పున్నమికి రండి. అమ్మాయిని కూడా రమ్మనండి" అన్నారు.

నేను రమ్మనలేదు. నేనంటే రాదు. బుల్లిబాబుకి ఫోన్ చేసి తీసుకురమ్మన్నాను. ఆ ఫోన్ చెయ్యడానికి నాకు రెండు కాఫీలు పట్టాయి.

ఆశ్వయుజ పున్నమికి వానలు వెనక్కి తగ్గాయి. మక్కలు కోసేశారు, చేను బోసిగా ఉంది. వర్షావాసం ముగింపు అని గుంటూరు వైపు నుంచి ఒక ముసలి భంతే వచ్చారు. కనుబొమ్మలు కూడా తెల్లబడ్డాయి. మమ్మల్ని కాస్త దూరంగా కూర్చోమని, వాళ్ళిద్దరూ ఎదురెదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. ముందు ఆ ముసలాయన చేతులు జోడించి, తన కొడుకు వయసున్న సుమన భంతేతో పాలీ భాషలో ఏదో మూడుసార్లు అన్నారు. తరవాత ఈయన ఆయనతో అన్నారు.

అయ్యాక సుమన భంతే మాకు అర్థం చెప్పారు. "దీన్ని పవారణ అంటారు. మామూలుగా భిక్షువులు వానాకాలమంతా కలిసి ఒకచోట ఉంటారు కదా, ఒకరి తప్పులు ఒకరి కళ్ళపడకుండా ఉండవు. అందుకని విడిపోయే ముందు అడుగుతాం. నాలో మీరు చూసిన తప్పు, విన్న తప్పు, అనుమానించిన తప్పు ఏదైనా ఉంటే దయతో చెప్పండి, దిద్దుకుంటాను అని. చెప్పినవాడికి ఎదురు చెప్పకూడదు. మీ తప్పు మీకు కనపడదు, ఎదుటివాడి కన్ను అరువు తెచ్చుకోవాలి. ఇది భిక్షువుల పని. ఇళ్ళల్లో ఉండేవాళ్ళు చెయ్యకూడదని మాత్రం ఏమీ లేదు."

ఎవరూ కదల్లేదు. కదిలితే ఎవడు కదులుతాడో నాకు తెలుసు. వాడే లేచాడు. ప్యాంటు పైకి లాక్కుని, నేరుగా నా దగ్గరికొచ్చి, చాప మీద మోకాళ్ళు వేశాడు.

"అన్నయ్యగారూ, నాలో మీరు చూసింది, విన్నది, అనుమానించింది ఏదున్నా దయతో చెప్పండి. దిద్దుకుంటానండి."

ఇన్నేళ్ళుగా నేను దాచుకున్న చిట్టా అంతా నాలుక చివర ఉంది. మా అత్తగారి దగ్గర వాడు వేసే వేషాలు, నా ప్రమోషన్ పోయిన ఏడు వాడు కారు కొనడం, ఆ ఆయ్ అనే మాట. నోరు తెరిచాను. తెరిస్తే అవేవీ రాలేదు.

"నా కూతురు మీ ఇంట్లో నవ్వుతుంది" అన్నాను.

షెడ్డులో ఎవరో దగ్గారు. లలిత నా చొక్కా వెనక నుంచి లాగింది.

"అది తప్పాండీ?" అన్నాడు బుల్లిబాబు, నిజంగానే తెలియక.

"తప్పు కాదు. చూసింది చెప్పమన్నావు, విన్నది చెప్పమన్నావు. మీ గేటు దగ్గర నిలబడి విన్నాను. నాకు పడలేదు. అంతే."

వాడు ఎదురు చెప్పకూడదు కాబట్టి తల వంచి "సరేనండి" అన్నాడు. అలాగే మోకాళ్ళ మీదే ఉండిపోయాడు. ఇక నా వంతు. నేను వాణ్ణి అడగాలి. అడిగితే వాడు ఏమంటాడో నాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. "మీలో తప్పేముందండి అన్నయ్యగారూ" అంటాడు. బాలమణి కళ్ళు ఒత్తుకుంటుంది. ముసలి భంతే కూడా మెచ్చుకుంటారు. చచ్చినా ఆ అవకాశం వాడికి ఇవ్వదలచుకోలేదు.

అందుకని లేచి, వాడి పక్కనుంచి దాటి, ఆడవాళ్ళ వైపు చివర్న కూర్చున్న అమూల్య ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాను. భక్తితో చేశాననుకునేరు. వాడికి దక్కకూడదని చేశాను.

"నాన్నా, లే. అందరూ చూస్తున్నారు" అంది అమూల్య, పళ్ళ మధ్య నుంచి.

"చూడనీ. నాలో నువ్వు చూసింది, విన్నది, అనుమానించింది చెప్పమ్మా" అన్నాను. దిద్దుకుంటాను అని కూడా అనాలి. ఆ మాట మాత్రం మింగేశాను.

అది నా వైపు చూడకుండా చాప పుల్ల పీకుతూ కూర్చుంది. బీరకాయ కూర సంగతి ఎత్తుతుందనుకున్నాను. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను, ఎదురు చెప్పకూడదని మరిచిపోయి. చివరికి తల ఎత్తింది.

"మోకాళ్ళు నొప్పి పుడతాయి. కింద కూర్చో. టైం పడుతుంది" అంది.

కూర్చున్నాను.

"తొమ్మిదో క్లాసులో సైన్సు ఫెయిర్‌లో నాకు సెకండ్ ప్రైజ్ వచ్చింది. పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పాను. ఫస్ట్ ఎవరికని అడిగావు. భానుతేజకి అన్నాను. వాళ్ళ నాన్న ఏం చేస్తాడన్నావు. ఆ రోజు అన్నం తింటున్నంతసేపూ భానుతేజ గురించే మాట్లాడావు. నాకేం ఇచ్చారో నువ్వు అడగలేదు. ఇప్పటికీ అడగలేదు."

"ఏమిచ్చారు?" అన్నాను.

"నువ్వు రోజూ కంపెనీకి అన్నం పట్టుకెళ్ళే డబ్బా."

ఆ డబ్బా లలిత కొన్నదనుకున్నాను. ఇన్నేళ్ళుగా రోజూ దాని మూత తీస్తున్నాను.

అమూల్య ఆగలేదు. ఇంటర్‌లో తన స్నేహితురాలు ఇంటికొస్తే, ఆ అమ్మాయి మార్కులు అడిగి తెలుసుకుని, ఆ పిల్ల వెళ్ళేదాకా నేను మొహం గంటు పెట్టుకున్న సంగతి. తను మొదటిసారి బొమ్మ గీసి గోడకి అంటిస్తే, ఎదురు ఫ్లాటు వాళ్ళమ్మాయి సంగీతం నేర్చుకుంటోందట అని నేనన్న మాట. ఏది తెచ్చి చూపించినా నా చూపు దాని మీద నిలవక, దాని పక్కన ఇంకెవరున్నారా అని వెతకడం. ఒక్కొక్కటీ ఏ రోజు, ఏ చొక్కా వేసుకుని అన్నానో కూడా దానికి గుర్తుంది. నాకు ఒక్కటీ గుర్తు లేదు.

తల తిప్పి చూశాను. అలవాటు. బుల్లిబాబు ఇంకా అక్కడే మోకాళ్ళ మీద, నోరు కొద్దిగా తెరుచుకుని ఉన్నాడు. అమ్మాజీ కూడా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. వాళ్ళకి ఇవేవీ తెలియవు. మొదటిసారి వింటున్నారు. నాలుగు నెలలు ఆ ఇంట్లో తిని, తిరిగి, అంతంత నవ్వులు నవ్వి, వీటిలో ఒక్కటి కూడా అది వాడితో చెప్పలేదు. వానాకాలమంతా నా కోసం అట్టిపెట్టింది. నా కడుపు నిండిపోయింది. తిట్లు తింటూ అంత సంతోషపడినవాడు లోకంలో ఉంటాడా?

అప్పుడు బుల్లిబాబు మొహంలో ఒకటి చూశాను. ఎప్పుడూ నవ్వే ఆ మొహం మీద, కళ్ళ కింద, సన్నగా మెదిలింది. ఇంత కోపం తన మీద పడే పిల్ల తనకి లేదని వాడికి అర్థమైనట్టుంది. నేను దాన్ని ఇట్టే గుర్తుపట్టాను, దానితో నాది ఇవాళ్టి కాపురమా? దాని పేరు వాడికి తెలిసి ఉండదు. నేను చెప్పగలను. చెప్పేవాణ్ణేమో కూడా.

"నాన్నా" అంది అమూల్య.

చెయ్యి చాపి, నా గడ్డం పట్టుకుని, మొహం తన వైపు తిప్పుకుంది. చిన్నప్పుడు నేను పేపరు చదువుతుంటే అలాగే చేసేది.

"బాబాయ్ వైపు కాదు. నా వైపు చూడు. ఇంకా అవలేదు."

"చెప్పమ్మా" అన్నాను.